రుషికొండ దగ్గర నా వెనకే వచ్చిన సైకిలు

విశాఖపట్నం పోయొచ్చానంటే మా నంద్యాలలో అందరూ ఒకటే అడుగుతున్నారు: జలాంతర్గామి చూశావా, కైలాసగిరి ఎక్కావా అని. రెండూ లేదు. నేను ఆ ఊరి సముద్రాన్ని అందులో మునిగీ తేలీ చూశాను. భీమిలి రోడ్డును సైకిలు హ్యాండిల్ మీద వంగి చూశాను. సాగర్‌నగర్‌ను మిట్టమధ్యాహ్నం, నా బూట్ల ముందు రెండు గజాల తారు మేరకే చూశాను. ఆ ఊరిని ఈ వరసలో చూసినవాళ్ళు తక్కువ కాబట్టి, ఇంకా వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను. అక్కడ ఎవరెవరిని నమ్మవచ్చో కూడా చెబుదామనుకున్నాను. ఆలోచిస్తే అంత రాయడానికి ఏమీ లేదు.

నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా కూర్చుని దస్తావేజులు రాసేవాణ్ణి. తూర్పు హద్దు ఫలానా, పడమర హద్దు ఫలానా అని రాసి రాసి, మనుషుల మాటలకు కూడా హద్దులు వెతకడం అలవాటైంది. ఇంట్లోవాళ్ళు దాన్ని అనుమానం అంటారు. నలభై దాటాక షుగరు కనిపించి, డాక్టరు నడవమన్నాడు. నడక పరుగైంది, పరుగుకు సైకిలు తోడైంది. ఈత మాత్రం చిన్నప్పుడే కె.సి. కాలువలో నేర్చుకున్నాను. మూడూ కలిపి ఒకే రోజు చేసే పోటీ ఒకటుందని, దాన్ని ట్రయథ్లాన్ అంటారని తెలిసి, కిందటేడు ఒక చెరువులో జరిగిన చిన్న పోటీకి వెళ్ళాను.

అక్కడ నాకు జరిగిన అవమానం మొదట చెప్పాలి. ఈతలో అలిసి కాసేపు వెల్లకిలా తేలాను. తేలడానికీ మునగడానికీ తేడా తెలియని ఒకడు పడవ వేసుకొచ్చి, మాట్లాడనివ్వకుండా నన్ను చంకల కింద పట్టి లోపలికి లాగాడు. ఒడ్డున మైకులో "ఒకరిని క్షేమంగా కాపాడాం" అని చెప్పారు. చప్పట్లు కూడా కొట్టారు. నిర్వాహకులకు మూడు ఫిర్యాదులు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. ఎవరో తీసిన వీడియో మాత్రం మా నంద్యాల గ్రౌండులో పొద్దున నడిచేవాళ్ళ ఫోన్లన్నిటికీ చేరింది. అప్పటి నుంచి నేను గ్రౌండులో అడుగు పెడితే చాలు, "నడిచొచ్చినావా, పడవలో తెచ్చినారా?" అంటారు. ఏడాదిగా అంటున్నారు. ఒక్కొక్కరి పేరూ నాకు గుర్తుంది.

అందుకని ఈసారి పెద్దదానికే కట్టాను. సముద్రంలో రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఈత, తొంభై కిలోమీటర్ల సైకిలు, ఆపైన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. ఎవరి చెయ్యీ నా మీద పడకుండా, నా కాళ్ళ మీద ముగింపు గీత దాటాలి. విశాఖపట్నంలో నాకున్న పని అంతే.

మద్దిలపాలెం

శుక్రవారం దిగాను. పెట్టెలో సైకిలు విడగొట్టి పెట్టుకుని స్టేషను బయటికి వస్తే, ఆటో అతను పెట్టెను అటూ ఇటూ తట్టి చూశాడు.

"ఏటి బాబూ ఇది? ఫ్రిజ్జా?"

"సైకిలు."

"సైకిలెక్కెళ్ళకుండా, సైకిల్ని ఆటో ఎక్కిత్తన్నావేటి?"

అడిగినంత ఇవ్వకుండా బేరం చేశాను. అతను వెంటనే ఒప్పుకున్నాడు. మా ఊళ్ళో బేరమాడితే ఆటోవాడు ముందు ఇంజన్ ఆపి, మన ముఖం చూసి, తర్వాత మాట్లాడతాడు. వెంటనే ఒప్పుకున్నాడంటే ఇంకా తగ్గేదే అని దారి పొడుగునా బాధపడ్డాను.

మద్దిలపాలెం కూడలిలో బస్ డిపోకు దగ్గరగా లాడ్జి. సైకిలు పైకి తీసుకెళ్ళడానికి మేనేజరు ఒప్పుకోలేదు. కింద మెట్ల కింద పెట్టమన్నాడు, "ఎవులూ ముట్టుకోరు" అన్నాడు. ఎవరూ అడక్కుండానే ఆ మాట ఎందుకన్నాడు? గదిలోకే తెచ్చుకున్నాను. ఆ రాత్రి సైకిలు గోడవైపు, నేను తలుపువైపు.

తిండి సంగతి. వీళ్ళ సాంబారులో బెల్లం ఉంటుంది. కూరలో కూడా ఎక్కడో ఒక మూల తీపి తగులుతుంది. మా వైపు కారం చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళు ఇక్కడ నా ముఖం చూస్తే సంతోషించేవారు. పొద్దున ఉగ్గాణి దొరుకుతుందేమోనని అడిగితే హోటలతను "అదేటి?" అన్నాడు. మరమరాలతో చేసేదని చెబితే, "అయితే సాయంత్రం బీచికెల్లండి, మురీ మిక్చరుంటాది" అన్నాడు. వెళ్ళాను. అదే మరమరాలు, పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ, వేరుశనగ. పొట్లం పట్టుకుని నిలబడి తినాలి. ఉగ్గాణికి దగ్గర చుట్టమూ కాదు. అయినా రెండు పొట్లాలు తిన్నాను. రెండోది మొదటిదానికంటే చిన్నగా కట్టాడు.

ఫిషింగ్ హార్బర్

నిర్వాహకులు పంపిన కబురులో "సముద్రం ప్రశాంతంగా ఉంటుంది" అని ఉంది. వాళ్ళకు సముద్రం మీద ఏం హక్కని అలా రాశారు? సంబంధం లేనివాళ్ళను అడగాలని శనివారం తెల్లవారకముందే హార్బరుకు వెళ్ళాను.

అప్పటికే అక్కడ మధ్యాహ్నంలా ఉంది. పడవలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. మంచు గడ్డలు మరలో పడి పగులుతున్న చప్పుడు. చేపల కుప్ప చుట్టూ గుమిగూడి పాట పాడుతున్నారు. పాట అంటే వేలం. అరుపులకు తోడు కనుబొమ్మలు, గడ్డాలు కూడా పాడుతున్నాయి. మా రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇంత వ్యవహారానికి నాలుగు సంతకాలు, ఇద్దరు సాక్షులు కావాలి. ఇక్కడ ఒకామె గడ్డం పైకెత్తింది, కుప్ప ఆమెదైపోయింది.

వల బాగుచేసుకుంటున్న ఒకాయనను రేపు సముద్రం ఎలా ఉంటుందని అడిగాను. "బాగుంటాది" అన్నాడు. పక్కనున్నాయన "గాలుంటాది" అన్నాడు. మూడో ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "నీకెందుకు?" అన్నాడు. ముగ్గురిలో ఆ మూడో ఆయన మీదే నాకు కాస్త నమ్మకం కలిగింది.

కుప్ప గెలిచినామె తట్ట సర్దుకుంటూ ఇదంతా విన్నది.

"ఈదడానికొచ్చినావా బాబూ? ఎంతిత్తారేటి?"

"ఇవ్వరమ్మా. మేమే కట్టాలి."

ఆమె తట్ట కింద పెట్టేసింది. "ఓలమ్మా! ఇనుకోండర్రా. మనోలు డబ్బులకోసరం సముద్రంలోకి ఎల్తారు. ఈ బాబు డబ్బులిచ్చి ఎల్తన్నాడు!"

నవ్వినవాళ్ళలో పచ్చ తలగుడ్డ ఆయనొకడు, వలాయన ఒకడు. వెళ్ళేటప్పుడు ఆమె, "తలకి నూనె రాసుకో, ఉప్పు పట్టేత్తాది" అంది. నవ్వించుకున్నాక ఇచ్చిన సలహా ఎలా తీసుకోవాలో నాకు తెలియలేదు. రాసుకోలేదు. ఉప్పు పట్టింది.

రుషికొండ, సాయంత్రం

పోటీకి ముందు రోజే సైకిళ్ళను ఒక కంచె లోపల ఇనుప కడ్డీలకు వేలాడదీసి వచ్చేయాలి. దానికి ముందు నియమాలు చదివారు. ముఖ్యమైనవి రెండు. సైకిలు మీద ఒకరి వెనక ఒకరు అంటుకుని పోకూడదు. ముందువాడు గాలిని చీలిస్తే వెనకవాడికి శ్రమ తగ్గుతుంది కాబట్టి, మధ్యలో ఒక లారీ పట్టేంత ఖాళీ ఉండాలి. తప్పితే ఐదు నిమిషాలు డేరాలో నిలబెడతారు. రెండోది, దారిలో నిర్వాహకులు పెట్టిన చోట్ల తప్ప బయటివాళ్ళ దగ్గర నీటిచుక్క కూడా తీసుకోకూడదు. తీసుకుంటే పోటీ నుంచి పేరు తీసేస్తారు. ఈ రెండిటి మీద నేను ఏడు ప్రశ్నలు వేశాను. వెనక వరసలో ఎవరో నిట్టూర్చారు. తిరిగి చూసేసరికి అందరూ మామూలుగా ఉన్నారు.

నా సైకిలు తగిలించి, టైరు నొక్కి చూసి, నీళ్ళు తాగొచ్చేసరికి అది జానెడు పక్కకు జరిగి ఉంది. పక్క కడ్డీకి ఒక పాత నీలం సైకిలు. దాని పక్కన నల్లగా, పొట్టిగా, బలంగా ఒక మనిషి.

"నా సైకిలు జరిపిందెవరు?"

"నానే బావా. సోటు సాల్లేదు."

మా వైపు కొత్తవాడిని "బావా" అంటే వాడి చెల్లెలి పెళ్ళి మాటైనా రావాలి, కొట్లాటైనా రావాలి. "నేనెప్పుడు నీకు బావనైతినప్పా?" అన్నాను.

"ఇప్పుడే" అన్నాడు నవ్వుతూ. "మాకందరూ బావలే. నా పేరు అప్పల్నాయుడు. పోర్టులో క్రేను మీద సేత్తన్నాను. మల్కాపురం మాది. ఇదే నాకు మొదటిసారి. నీకో?"

ఇదే మొదటి పెద్ద పోటీ అన్నాను. చెరువు సంగతి చెప్పలేదు. నియమాలు చదివినప్పుడు కనపడలేదేమని అడిగితే, డ్యూటీ దిగి ఇప్పుడే వచ్చానన్నాడు. నేను ఎంత వేగంతో తొక్కుతానో అడిగాడు. ఎన్ని గంటల్లో ముగిస్తాననుకుంటున్నానో అడిగాడు. చివరికి, "అయితే నువ్వూ నానూ ఒకటే బావా. కలిసెల్లిపోదాం" అన్నాడు.

పోటీకి వచ్చినవాడు కలిసెళ్ళిపోదాం అన్నాడంటే ఏదో ఉంది.

నీళ్ళు

ఆదివారం సూర్యుడు సముద్రంలోంచి లేస్తున్న వేళకు దింపారు. మా కాలువలో నీళ్ళు ఒకవైపే పోతాయి, మనిషి అటైనా పోవాలి, ఇటైనా పోవాలి. ఇక్కడ అల పైకెత్తుతుంది, వెనక్కి లాగుతుంది, పక్కకు నెడుతుంది. మధ్యలో కట్టిన పెద్ద పసుపు బుడగలను చూసుకుంటూ ఈదాలట. ఎదురుగా సూర్యుడు. బుడగ పసుపు, సూర్యుడు పసుపు, నీళ్ళు పసుపు. ఇలా తూర్పుకు ముఖం పెట్టి ఈదించాలని ఎవరు నిర్ణయించారో వాళ్ళ పేరు అడిగాను తర్వాత. చెప్పలేదు.

రెండో బుడగ దగ్గర నా పాదానికి ఎవరిదో చెయ్యి తగిలింది. వదిలేశాను. మళ్ళీ తగిలింది. కాలు విదిలించాను. కాసేపటికి మళ్ళీ. నీళ్ళలో ఒకరి వెనక ఒకరు ఈదవచ్చు, నియమం అడ్డురాదు. కానీ ఇంత సముద్రం ఉండగా నా కాళ్ళ దగ్గరే ఎవరికి పని? ఊపిరికి తల తిప్పినప్పుడు చూశాను. నల్లటి భుజాలు. పోల్చుకున్నాను.

అప్పుడే పడవ వచ్చింది. నేను ఆగలేదు, అలిసి వేగం తగ్గించాను, అంతే. ఇంజను ఆపి పడవలో ఆయన వంగాడు.

"బాబూ, పట్టుకుంటావేటి? కాసేపు ఆయాసం తీర్సుకో. పరవాలేదంట."

ఆగి పడవ పట్టుకోవడం నియమాల్లో ఉన్నదే. నాకూ తెలుసు. కానీ చెరువులో నన్ను లాగినవాడూ మొదట "పరవాలేదు" అనే అన్నాడు. "దూరంగా పో!" అని అరవబోయాను. నోరు తెరిచినందుకు సముద్రం లోపలికి వచ్చింది. దగ్గుతూ, ఉమ్ముతూ, చేతులు ఊపుతూ పడవకు దూరంగా ఈదాను. నా వెనక నుంచి ఒక గొంతు పడవతో అంటోంది: "ఆయన్నొగ్గీండి. అలాగే ఈదుతాడు."

ఒడ్డుకు పాకుతూ కాదు, నడిచే వచ్చాను. రాగానే మైకులో ఏం చెబుతారోనని నిలబడి విన్నాను. నంబరు చెప్పారు, ఇంకేమీ అనలేదు.

భీమిలి రోడ్డు

రుషికొండ నుంచి భీమిలి వైపు పోయి రావాలి. మూడుసార్లు. ఒకపక్క కొండలు, ఒకపక్క సముద్రం. చూసేవాళ్ళకు చాలా బాగుంటుంది. రోడ్డులో సగం మాకు, సగం బండ్లకు. ఆ సగానికీ ఈ సగానికీ మధ్య ప్లాస్టిక్ దిమ్మెలు. దిమ్మెలను లెక్కచేయని బండ్లు చాలానే ఉన్నాయి.

మొదటి చుట్టు సగంలోనే నీలం సైకిలు నా వెనక చేరింది. లారీ పట్టేంత కాదు, మేకపిల్ల పట్టేంత ఖాళీ కూడా లేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. అప్పల్నాయుడు నవ్వాడు. వేగం పెంచాను, పెంచాడు. తగ్గించాను, తగ్గించాడు. ఉండుండి అరుస్తున్నాడు కూడా. "బండొత్తంది బావా!" "ఎడంపక్కకి బావా!" ఒక పెళ్ళి బస్సు దిమ్మెలు తన్నుకుంటూ మా వైపు వచ్చినప్పుడైతే గొంతు చించుకున్నాడు. నా ధ్యాస చెదరగొట్టడానికే అనుకున్నాను. మళ్ళీ వెనక్కి చూశాను.

"నువ్వు ఎనక్కి సూడ్డం మానీ బావా! నాను సూత్తన్నాను గదా!"

నా గాలిచాటున హాయిగా తొక్కుతూ, నాకే ఆజ్ఞలు. రెండో చుట్టులో స్కూటరు మీద తిరుగుతూ నియమాలు తప్పేవాళ్ళను పట్టే మార్షల్ పక్కకు వచ్చినప్పుడు వేలు పెట్టి చూపించాను. "ఇతను మొదటి నుంచీ నా చక్రానికి అంటుకున్నాడు. రాసుకోండి" అన్నాను. మార్షల్ కొంతదూరం మా వెంట వచ్చి, చూసి, ఈల ఊది, అప్పల్నాయుడికి డేరా చూపించాడు.

అది సరైన ఫిర్యాదు. ఇప్పటికీ అదే అంటాను.

తర్వాత రోడ్డు నిశ్శబ్దమైంది. అయినా అలవాటుగా వెనక్కి చూస్తూనే ఉన్నాను. మంగమారిపేట దాటాక అలా చూస్తుండగా స్పీడు బ్రేకరు వచ్చింది. నేను పడలేదు, సైకిలుకున్న రెండు నీళ్ళ సీసాలూ ఎగిరి, ఒకటి పగిలింది, ఒకటి సముద్రం వైపు దొర్లిపోయింది. అంత ఎత్తు బ్రేకరుకు తెల్ల గీత కూడా లేదు. ఇది కూడా రాసిచ్చాను.

సాగర్‌నగర్ ఎండ

పరుగు రెండు చుట్లు, రుషికొండ నుంచి సాగర్‌నగర్ వైపు. మా ఎండ కాలుస్తుంది, నీడలోకి పోతే ఊరుకుంటుంది. ఇక్కడి ఎండ తడిగుడ్డలా ఒంటికి అతుక్కుని నీడలోకి కూడా వెంట వస్తుంది. సీసాలు పోయిన దగ్గర నుంచి దాహంతో ఉన్నాను. మొదటి చుట్టులో నిర్వాహకుల బల్లల మీద నీళ్ళు ఉన్నాయి, తాగినా దాహం తీరలేదు. రెండో చుట్టులో సాగర్‌నగర్ బల్ల దగ్గరికి వెళ్ళేసరికి డబ్బాలు తలకిందులుగా ఉన్నాయి. "బండొత్తంది సార్, రెండు నిమిషాలు" అన్నారు. బండి రాలేదు. పిక్కలు పట్టేశాయి. పరుగు నడకైంది, నడక కుంటైంది. టైము చూసుకున్నాను. ఈ నడకతో గీత దాటే లోపలే గడువు దాటిపోతుంది. గ్రౌండులో ఒక్కొక్కరి ముఖం కళ్ళ ముందుకు వచ్చింది. ఈసారి ఏమంటారో కూడా వినిపించింది.

"ఏటి బావా, నడిసిపోతన్నావు? బీచి సూడ్డానికొచ్చినావేటి?"

అప్పల్నాయుడు. నా పక్కనే నడక అందుకున్నాడు.

"డేరాలో నిలబెట్టినారు నన్ను. బాగుంది లోపల. నీడ. కాలీగా ఉన్నాను గదాని రూల్సన్నీ సదివి ఇనిపించినారు." నా వైపు తిరిగి, "నువ్వే సెప్పినావు గదా స్కూటరోడికి?"

దస్తావేజు రాసేవాడు బొంకకూడదు. "నేనే చెప్పినా. రూలు రూలే. నా గాలి వాడుకుంటివి."

"నీ గాలేటి బావా? అది సముద్రం గాలి."

"వెనకాల ఎందుకు తగులుకుంటివి మరి?"

"మాం అలాగే ఎల్తాం. పోర్టు రోడ్డంతా ట్యాంకర్లు. డ్యూటీకి ఎల్లినప్పుడు సక్రానికి సక్రం ఆనించి, వరసగా ఎల్తాం. ముందోడు తొక్కుతాడు, ఎనకోడు సూత్తాడు. ఎనకోడు అరవకపోతే ముందోడు సచ్చిపోతాడు. నువ్వేమో ముందున్నావు. నానెలా అరవకుండా ఉంటాను?"

వినడానికి బాగానే ఉంది. అయితే గాలిచాటు మాటేమిటని అడిగాను. "అదీ ఉంటాది" అన్నాడు, దాచకుండా.

కొంచెం ముందు రోడ్డు పక్కన కొబ్బరిబొండాల బండి దగ్గర ఒకామె నిలబడి ఉంది. చేతిలో అప్పుడే కొట్టించుకున్న బొండాం. అప్పల్నాయుణ్ణి చూసి చెయ్యి ఊపింది. అతని భార్య వరలక్ష్మి. అతను నేరుగా వెళ్ళి ఆమె చేతిలోని బొండాం లాక్కుని, గొట్టం పీకి పారేసి, తల ఎత్తి, గటగటా తాగాడు. నా ముందే. నా కళ్ళలోకి చూస్తూ.

"బయటివాళ్ళ దగ్గర తీసుకోకూడదప్పా!" అన్నాను. గొంతు ఎండిపోయి సగమే వచ్చింది.

"తెలుసు. డేరాలో సదివినారు గదా." మూతి తుడుచుకున్నాడు. "నీకూ కొట్టించమంటావా?"

నేను తాగితే, డేరాకు బదులు తీర్చుకోవడానికి అతనికి ఇంతకంటే ఏం కావాలి? వద్దన్నాను. దాన్నుంచి కళ్ళు తిప్పుకోవడానికే చాలా కష్టమైంది.

"వద్దా? మంచిది. అయితే ఎల్లు. కంప్లైంటు ఇయ్యి. గీత కాడ టేబులేసుకుని కూకున్నారు. టైమైపోతే లేసెల్లిపోతారు. ఇలా కుంటుకుంటా ఎల్తే నువ్వెల్లేసరికి కుర్సీలు కూడా ఉండవు."

నేను పరిగెత్తాను. ఎలా అని అడగవద్దు. పిక్కలు అక్కడే ఉన్నాయి, నొప్పీ అక్కడే ఉంది, దాని మీద నుంచి పరిగెత్తాను. మనసులో ఫిర్యాదు రాసుకుంటూ పోయాను: ఫలానా స్థలంలో, ఫలానా వేళ, నా ఎదుటనే. వేగం తగ్గినప్పుడల్లా వెనక నుంచి అడుగుల చప్పుడు, ఆ వెంటనే గొంతు. "నా నంబరు గుర్తుందా బావా? సెప్పమంటావా?" "ఆయాసమేటి? కూకో కాసేపు. నానేం పారిపోను." ఒకసారి నన్ను దాటి ముందుకు పోయి, తిరిగి చూసి, షూ లేసు కట్టుకుంటూ కూర్చున్నాడు. నేను దాటాక లేచాడు.

గీత కనిపించింది. దాని పైన గడియారం ఇంకా తిరుగుతూనే ఉంది. నా కాళ్ళ మీద దాటాను. నా ఒంటి మీద ఎవరి చెయ్యీ లేదు. మెడలో పతకం వేయబోయిన అమ్మాయిని కూడా చెయ్యి తగలకుండా వెయ్యమన్నాను. కాసేపటికి అప్పల్నాయుడు కూడా గడువులోపలే దాటాడు.

టేబులు దగ్గర

నీళ్ళు తాగి, నేరుగా ఆ టేబులు దగ్గరికే వెళ్ళాను. అలిసిపోయి కూర్చున్న ఒకావిడ కాగితం, కలం ఇచ్చింది.

"ఎవరి మీదండీ?"

రాయడానికి వంగాను. అప్పల్నాయుడు వచ్చి టేబులు మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. చెమట కాగితం మీద పడింది.

"రాయి బావా" అన్నాడు.

"ముందు ఒక మాట చెప్పు. ఎందుకు తాగినావు?"

"దాహమేసింది."

"దాహానికేనా?"

"దాహానికి కాకుండా దేనికి తాగుతారేటి?"

ముఖం చూశాను. సముద్రపు ఉప్పు, చెమట, నవ్వు. ఏదీ తెలియలేదు. దాహంతో తాగి ఉంటే అది తప్పు, రాయాల్సిందే. నన్ను పరిగెత్తించడానికి తాగి ఉంటే తన పోటీని నా చేతిలో పెట్టి తాగాడన్న మాట. ఈ రెండిటిలో ఏదన్నది తేలలేదు. మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. అమ్మేవాడి ఉద్దేశం మీద అనుమానం ఉంటే దస్తావేజు రాయం. తేలిన తర్వాత రమ్మంటాం.

కాగితం మీద రాశాను: సాగర్‌నగర్ బల్ల దగ్గర రెండో చుట్టులో నీళ్ళు లేవు, అడిగితే బండి వస్తుందన్నారు, రాలేదు, ఇది నిర్వాహకుల లోపం. దాని కింద స్పీడు బ్రేకరు సంగతి, దాని కింద సూర్యుడికి ఎదురుగా ఈదించిన సంగతి.

ఆవిడ చదివింది. "నీళ్ళు లేనప్పుడు ఎవరైనా బయట తీసుకున్నారా?"

"నేను తీసుకోలేదు."

"మిగతావాళ్ళు?"

"నా సంగతికి మాత్రమే నేను సాక్షిని."

ఆవిడ కాగితం తీసుకుంది. దానికీ ఇంకా జవాబు రాలేదు. అప్పల్నాయుడు టేబులు మీంచి మోచేతులు తీశాడు. తర్వాత, "రేపు మాయింట్లో భోజనం" అన్నాడు. అడగలేదు, చెప్పాడు.

మల్కాపురం

సోమవారం వెళ్ళాను. వెళ్ళకూడదనే అనుకున్నాను. రిఫైనరీ గొట్టాలు, ట్యాంకర్ల వరసలు, నూనె వాసన. వాటి పక్కన సందులో రెండు గదుల ఇల్లు. దారిలో డ్యూటీకి వెళ్తున్న సైకిళ్ళు కనిపించాయి, నాలుగైదు, చక్రానికి చక్రం ఆనించి. చివరివాడు తల తిప్పి చూస్తూ ఏదో అరిచాడు. ముందువాళ్ళంతా ఒక్కసారిగా అంచుకు జరిగారు. ట్యాంకరు పోయింది. అదొక్కటి అతను చెప్పినట్టే ఉంది.

వరలక్ష్మి వంజరం చేపల పులుసు పెట్టింది. పులుసులో తీపి లేదు. నా కోసమే కారం పెంచిందట, కర్నూలు జిల్లా వైపు వాళ్ళు కారం తింటారని ఎవరో చెప్పారట. అప్పల్నాయుడు కంచం ముందు కూర్చుని ముక్కు తుడుచుకుంటున్నాడు. గొంతు బొంగురుపోయింది.

"ఏమైందప్పా?"

అతను చెప్పేలోపే ఆమె అందుకుంది. "ఏటవుతాది? నా బొండాం లాక్కుని తాగీసినాడు గదా! ఆయనకది పడదు. పెళ్ళైన కాడ్నుంచి ఒక్కసారి తాగింది నాను సూడ్లేదు. తాగితే జలుబు సేసీత్తాది. తెలిసుండీ తాగినాడు. ఎందుకు తాగినావంటే సెప్పడు."

నేను అతని వైపు తిరిగాను. "అయితే ఎందుకు తాగినావు?"

"పులుసు సల్లారిపోతంది" అన్నాడు. "తిను బావా."

భార్యాభర్తలు. నేను వచ్చేలోపు ఇద్దరూ ఒక మాట అనుకుని ఉండవచ్చు. అలా జరగడం నేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో చాలాసార్లు చూశాను. అందుకని తింటూ అతన్నే గమనిస్తూ కూర్చున్నాను. అతను తుమ్మాడు. మొదటి తుమ్ము నటన అనుకున్నాను. రెండోదానికి గ్లాసులోని నీళ్ళు కదిలాయి. మూడోది వచ్చేసరికి, నేను అతని వీపు తడుతున్నాను.